240, 320: ఏది గ్రేడు, ఏది తూకం?

పలాసలో జీడిపప్పు వ్యాపారం తెలిసినవారికి 240, 320 అనగానే గ్రేడులే గుర్తుకొస్తాయి. పౌనుకు సుమారుగా ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే అంకెలవి, అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది. అక్కడి ఒక జీడి ఫ్యాక్టరీకి పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బిల్లుల ప్రోగ్రాం రాసినప్పుడు, బిల్లు(240, 320, 1) అని పిలిచే ఫంక్షన్ (ఇచ్చిన విలువలతో ఒక పని చేసిపెట్టే కోడ్ భాగం) ఒకటి పెట్టాను. మొదటిది గ్రేడు, రెండోది కిలోలు, మూడోది పన్ను కలపాలని చెప్పే గుర్తు. కొన్ని నెలల తరువాత అదే ఫంక్షన్‌ను మరోచోట వాడుతూ మొదటి రెండింటినీ తారుమారు చేశాను. రెండూ చెల్లే గ్రేడులే కాబట్టి ప్రోగ్రాం ఏ అభ్యంతరమూ లేకుండా తప్పు బిల్లును అచ్చువేసింది.

తప్పు నాదే అయినా, పెర్ల్ స్వభావం తెలిస్తే అది జరిగేది కాదు. 1987లో లారీ వాల్ విడుదల చేసిన ఈ భాషలో ఫంక్షన్‌కు పంపినవన్నీ @_ అనే ఒకే వరుసలో చేరతాయి. రెండు జాబితాలను పంపితే ఒకటి ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో ఫంక్షన్‌కు తెలియదు. అందుకే విలువలు రెండు దాటితే పేర్లతో పంపడమే మేలని నా నమ్మకం: బిల్లు(గ్రేడు => 240, కిలోలు => 320, పన్ను => 1). (కోడ్ యూటీఎఫ్-8లో, అంటే అన్ని లిపులనూ రాయగల సంకేత పద్ధతిలో, ఉందని ప్రకటిస్తే పెర్ల్ తెలుగు పేర్లనూ అంగీకరిస్తుంది.) వరుస మారినా ఇక అర్థం మారదు. అయితే ఒక పేరులో అక్షరం తప్పు పడితే పెర్ల్ తనంతట తాను పట్టుకోదు. తెలియని పేరు కనబడగానే ఆగిపోయే పరీక్షను ఫంక్షన్‌లో మనమే రాసుకోవాలి.

ఇంతకంటే లోతైన చిక్కు, ఫంక్షన్ తిరిగి ఇచ్చే విలువలో ఉంది. కాటా చీటీ నుంచి అంకె తెచ్చే తూకం() అనే ఫంక్షన్, చీటీ దొరకనప్పుడు విలువేదీ లేకుండా రిటర్న్ అయిందనుకుందాం. దాన్ని (గ్రేడు => 240, కిలోలు => తూకం(), పన్ను => 1) అని జాబితాలో పెడితే, వచ్చేది శూన్య విలువ కాదు, ఖాళీ జాబితా; అంటే ఆ చోటే మాయమవుతుంది. అప్పుడు వెనకవన్నీ ఒక స్థానం ముందుకు జరిగి, కిలోలకు విలువగా 'పన్ను' అనే మాట వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఒకే విలువ ఇవ్వవలసిన ఫంక్షన్ ఎప్పుడూ ఒకే విలువ ఇవ్వాలి, లేదా కారణం చెప్పి అక్కడే ఆగిపోవాలి.

2014లో 5.20 వెర్షన్‌తో ప్రయోగాత్మకంగా వచ్చి, 2022లో 5.36తో స్థిరపడిన సిగ్నేచర్లు, అంటే ఫంక్షన్ తీసుకునే విలువలను దాని మొదట్లోనే ప్రకటించే ఏర్పాట్లు, ఈ పనిని కొంత తేలిక చేశాయి. సిగ్నేచర్‌లో హాష్‌ను (పేరు, విలువల జతల పట్టికను) ప్రకటిస్తే, జతలు సరిపోని పై పిలుపు వద్దనే ప్రోగ్రాం ఆగిపోతుంది. తారుమారైన 240, 320లను మాత్రం సిగ్నేచర్ పట్టలేదు. అందువల్ల నా బిల్లు ఫంక్షన్‌లో సిగ్నేచర్‌తో పాటు పేర్లనూ ఉంచాను.