సంతలో పోని బిళ్ల: డబ్బు చెల్లుబాటు వెనుక చరిత్ర

పర్లాకిమిడి కూరగాయల బజారులో వంకాయలు తూచి ఇచ్చిన ఆమె, చేతిలో పెట్టిన పది రూపాయల బిళ్లను రెండువైపులా తిప్పి చూసి, "ఇది పోదు బాబూ, నోటుంటే ఇయ్యి" అంటుంది. బరంపురం, గుణుపురం వైపు తెలుగువారికి కూడా ఈ మాట కొత్త కాదు. రూపాయి గుర్తు ఉన్నదే అసలుదని ఒకరు, గీతలు ఇన్ని ఉంటేనే మంచిదని ఇంకొకరు చెబుతారు. ఈ వదంతులు ఒడిశా, ఆంధ్ర సరిహద్దుకే పరిమితమైనవి కావు గాని, రెండు రాష్ట్రాల చిల్లర కలిసే చోట వాటికి బలం ఎక్కువ.

చట్టం వరకు చూస్తే వివాదమే లేదు. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, దానితో నాణేలు 2011 నుంచి వెలువడ్డాయి. అంతకుముందు ముద్రించిన బిళ్లల మీద ఆ గుర్తు లేకపోవడం సహజం. పది రూపాయల నాణెం 14 రకాల నమూనాల్లో ఉందని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకు పైబడిన విలువగల నాణేలు వెయ్యి రూపాయల మొత్తం వరకు చట్టబద్ధమైన చెల్లింపే. అయినా బిళ్ల ఆగిపోతోంది. ఇలా ఆగడం చరిత్రలో మొదటిసారి కాదు. డబ్బుకు ఎప్పుడూ ఇద్దరి ఒప్పుదల కావాలి: ఒకటి ఖజానాది, రెండోది సంతది. నాగరికతలు ఎదిగిన కథలో ఈ రెండూ కలిసి నడిచిన కాలాలు ఉన్నాయి, విడిపోయి జనాన్ని ఇబ్బంది పెట్టిన కాలాలూ ఉన్నాయి.

తొలి నగరాలకు నాణెం లేదు. మెసొపొటేమియాలో వెండిని షెకెల్ అనే తూకంతో, అంటే సుమారు 8 గ్రాముల లెక్కన తూచి ఇచ్చేవారు. కూలి, అద్దె, జరిమానా అన్నీ బార్లీలోనో వెండి తూకంలోనో లెక్క తేలేవి. తూకానికి బదులు ముద్రను నమ్మడం క్రీస్తుపూర్వం 7వ శతాబ్దంలో, నేటి టర్కీ పడమటి భాగంలోని లిడియాలో, బంగారం వెండి కలిసిన ముద్దల మీద గుర్తు కొట్టడంతో మొదలైంది. మన దేశంలో ముద్రలు కొట్టిన వెండి కార్షాపణాలు కూడా దాదాపు ఆ తరువాతి శతాబ్దాలకు చెందినవే. ముద్రను నమ్మిన వెంటనే దొంగముద్ర భయం కూడా మొదలవుతుంది. కౌటిల్యుని అర్థశాస్త్రం టంకశాలకు లక్షణాధ్యక్షుణ్ణి, నాణేలను పరీక్షించడానికి రూపదర్శకుణ్ణి వేరువేరుగా నియమించమనడం అందుకే. పర్లాకిమిడిలో బిళ్లను తిప్పి చూసే ఆమె తెలియకుండానే ఆ రెండో ఉద్యోగం చేస్తోంది.

ఖజానా మాట తప్పినప్పుడు ఏమవుతుందో రోము చూపించింది. అగస్టస్ కాలంలో దాదాపు స్వచ్ఛమైన వెండితో ఉన్న రోమన్ నాణెం, సైన్యం ఖర్చులు పెరిగే కొద్దీ పలచబడి, క్రీస్తుశకం 3వ శతాబ్దం మూడో పాదానికి వెండి పూతగా మిగిలింది. ధరలు కట్టు తెంచుకున్నాయి. దిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ 1330 ప్రాంతంలో ఇత్తడి, రాగి నాణేలను వెండి టంకాలతో సమానంగా చెల్లించమన్నాడు. ఆలోచన తప్పు కాదు, చైనాలో కాగితం డబ్బు అప్పటికే మూడు వందల ఏళ్లుగా నడుస్తోంది. కాని ఆ నాణేన్ని ఎవరైనా ఇంట్లో తయారు చేసుకోగలిగేంత తేలికగా వదిలాడు. కొన్నేళ్లకే వాటిని వెనక్కి తీసుకుని ఖజానా నుంచి వెండి ఇవ్వవలసి వచ్చింది.

గంజాం ప్రాంతంలో దొరికిన ఆధారాలు మరో కోణాన్ని చూపుతాయి. అశోకుని శాసనం చెక్కిన జౌగడ ఋషికుల్య ఒడ్డున ఉంది. ఆ పరిసరాల్లోను, పూరీ వైపు కూడా, ఉత్తర భారతాన్ని ఏలిన కుషాణుల నాణేలను చూసి పోతపోసిన రాగి నాణేలు దొరికాయి. కుషాణులు ఇక్కడ పాలించలేదు, ఆ నాణేల మీద ఏ రాజు పేరూ లేదు. రాజు ఎవరో తెలియకపోయినా అలవాటైన రూపాన్ని సంత ఒప్పుకుందనుకోవడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

7వ శతాబ్దంలో చిల్కా పక్కనున్న కొంగోద దేశం చూసిన చైనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్, అక్కడ గవ్వలు, ముత్యాలు డబ్బుగా నడుస్తున్నాయని రాశాడు. ఆ గవ్వల పుట్టిల్లు మాల్దీవులు. 1340ల్లో అక్కడ ఉన్న మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, గవ్వలను బెంగాలు వ్యాపారులకు అమ్మి బియ్యం తెచ్చుకునేవారని, దీవుల్లో బంగారు దీనారుకు నాలుగు లక్షల గవ్వలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి వచ్చేవని చెప్పాడు. పదేళ్ల తరువాత పశ్చిమాఫ్రికాలోని మాలీలో అవే గవ్వలు దీనారుకు 1,150 చొప్పున చెల్లడం ఆయనే చూశాడు. ఈ తేడా మీదే ఐరోపా కంపెనీల కన్ను పడింది. డచ్చి, ఇంగ్లీషు ఓడలు గవ్వలను ఓడ ఒరగకుండా ఉంచే అడుగుబరువుగా నింపుకుని ఆంస్టర్‌డాం, లండను చేర్చాయి. అక్కడి నుంచి అవి పశ్చిమాఫ్రికా తీరానికి వెళ్లి మనుషులను బానిసలుగా కొనడానికి ఖర్చయ్యాయి. ఆధునిక యుగాన్ని ఆవిరియంత్రంతో మొదలుపెట్టే పాఠ్యపుస్తకాల్లో ఈ గవ్వల ప్రస్తావన అరుదు. లెక్కలో అది చిన్నది కాదు, 18వ శతాబ్దంలో ఇలా తరలినవి వేల టన్నులు.

ఒడిశాలో గవ్వల లెక్క పక్కాగా ఉండేది. నాలుగు గవ్వలు ఒక గండా, 20 గండాలు ఒక పణం, 16 పణాలు ఒక కాహాణం, అంటే 1,280 గవ్వలు. రైతు పంట అమ్మినా, శిస్తు కట్టినా గవ్వల్లోనే లెక్క. 1803లో ఒడిశాను మరాఠాల నుంచి గెలుచుకున్న ఈస్టిండియా కంపెనీ శిస్తును వెండి రూపాయల్లో కట్టమంది. రూపాయికి నాలుగు కాహాణాలని, అంటే 5,120 గవ్వలని దస్తావేజుల్లో ఉన్నా, వెండి కోసం అందరూ ఎగబడేసరికి బజారులో అంతకంటే ఎక్కువ పోయవలసి వచ్చింది. రైతు పంట అదే, గవ్వలు అవే, శిస్తు మాత్రం చెప్పకుండానే పెరిగింది. 1817లో ఖుర్దాలో బక్షి జగబంధు నాయకత్వంలో లేచిన పైకుల (ఇనాం భూములు పొంది రాజుకు సైనికసేవ చేసినవారు) తిరుగుబాటుకు ఇనాం భూములు పోవడం, ఉప్పు ధర పెరగడంతోపాటు ఇది కూడా కారణం. తిరుగుబాటుకు తొలి ఊపు ఇచ్చినవారిలో, అప్పటికే మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న గుంసూరు నుంచి బాణపురం మీదికి వచ్చిన సుమారు 400 మంది కంధులు అనే కొండజాతివారు ఉన్నారు. నేడు గంజాం జిల్లాలో భంజనగర్ చుట్టుపక్కల ఉన్నదే ఆ గుంసూరు. గవ్వను సంత వదలలేదు, ఖజానా వదిలింది. నేటి పది రూపాయల బిళ్ల విషయంలో కథ సరిగ్గా తిరగబడింది.

ఆ తరువాతి మార్పులు త్వరగా చెప్పుకోవచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లాలో చాలా భాగం మద్రాసు నుంచి విడిపోయినా రూపాయి, అణా రెండువైపులా ఒకటే. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. అదే ఏడు యూపీఐ మొదలైంది. చేతిలో ఉన్న డబ్బు రాత్రికి రాత్రి చెల్లకుండా పోగలదని కళ్లారా చూసిన జనం, ఆ తరువాత ఏ వదంతినైనా త్వరగా నమ్మడంలో ఆశ్చర్యం లేదని నా అభిప్రాయం.

అందుకే ఆ కూరగాయలామెది మూఢత్వమని కొట్టిపారేయడం అన్యాయం. ఆమె తక్కెడ పక్కన క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతోంది, ఫోను మోగితే డబ్బు పడిందని నమ్ముతుంది. బిళ్ల తీసుకుంటే మాత్రం, తెల్లవారుజామున ఉల్లిపాయల బస్తా ఇచ్చే హోల్‌సేలు వ్యాపారి దాన్ని తిరిగి తీసుకోడు. అతను ఎందుకు తీసుకోడని అడిగితే, సంచెడు బిళ్లలు లెక్కపెట్టుకోవడానికి బ్యాంకు కౌంటరులో రేపు రమ్మంటారని చెబుతాడు. శాఖలన్నీ నాణేలు తీసుకోవాలని రిజర్వు బ్యాంకు పలుమార్లు ఆదేశించింది. ప్రకటనలు సంత దాకా వచ్చాయి గాని, సంత నుంచి బిళ్లలు బ్యాంకు దాకా వెళ్లే దారి ఇంకా ఇరుకుగానే ఉంది.