వాగ్దానం కార్డు చూసి రాజీనామా చేయకండి

బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఒక చిన్న తెలుగు క్రైస్తవ సంఘానికి నేను పాస్టర్‌ని. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు టీ గ్లాసుతో పక్కకి పిలుస్తారు. "అయ్యగారూ, ఒక్క నిమిషం. దేవుడు నాతో మాట్లాడాడు." ఆ ఒక్క నిమిషం తేలేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది.

అపోహ: వచనం వచ్చేసింది, ఇక ఆలోచించక్కర్లేదు.

ఎక్కువమందిని ముంచేది ఇదే. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుని వాగ్దానంగా ఒక్కో బైబిల్ వచనం రాసిన కార్డు ఒక్కొక్కరికీ ఇస్తాం. ఒక తమ్ముడికి యిర్మీయా 29:11 కార్డు వచ్చింది: మీ కోసం నా ఉద్దేశాలు మేలు చేసేవే, రాబోయే కాలానికి ఆశనిచ్చేవే అన్న దేవుని మాట. ఆ వారమే ఎవరో దైవజనుడు ఫోన్‌లో ప్రార్థించి, రెండు నెలల్లో విదేశం వెళ్తావని ప్రవచనం చెప్పాడు. ఇతను చేతిలో ఇంకో ఆఫర్ లేకుండా రాజీనామా ఇచ్చాడు. నా దగ్గరకి వచ్చేసరికి నోటీసు పీరియడ్ అయిపోయింది, ఇంటి లోన్ ఈఎంఐ రెండుసార్లు బౌన్స్ అయింది, భార్యకి ఏడో నెల. "దేవుడు మాట తప్పాడా అయ్యగారూ?" అన్నాడు. ఏం చెప్పను?

వాస్తవం: అది బబులోనుకి బందీలుగా వెళ్లి అక్కడి చెరలో ఉన్న యూదులకి యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరం. ఆ కార్డు వచనానికి పై వచనంలోనే, తిరిగి రావడానికి 70 ఏళ్లని ఉంది. అందాకా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి అన్నాడు. ఇంకా పైకి వెళ్తే ఎనిమిది, తొమ్మిది వచనాల్లో, మీ మధ్య ఉన్న ప్రవక్తల చేతిలో మోసపోకండి, వాళ్లని నేను పంపలేదు అంటాడు దేవుడు. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరి ముందూ రెండేళ్లలో బందీలు, మందిరపు సామాన్లు అంతా తిరిగొస్తుందని చెప్పాడు. వినడానికి ఎంత బాగుందో! అది అబద్ధం. అలాంటి మాటలు నమ్మొద్దని రాసిన ఉత్తరంలోంచే ఒక ముక్క కత్తిరించుకుని, మనం మళ్లీ హనన్యాలనే నమ్ముతున్నాం.

ప్రవచనాలన్నీ కొట్టిపారేయమనను. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయొద్దన్న పౌలే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు. యెరూషలేములో అపొస్తలులు, పెద్దలు బాగా వాదించుకున్నాకే "పరిశుద్ధాత్మకును మాకును" తోచిందని రాశారు. నువ్వు కనీసం భార్యనైనా అడిగావా అంటే ఆ తమ్ముడు తల దించుకున్నాడు.

అపోహ: విశ్వాసం ఉంటే మాత్రలు ఆపేయొచ్చు. డాక్టర్‌ని అడక్కుండా ఏదీ ఆపకండి. దీనిమీద నాతో వాదించొద్దు.

అపోహ: దేవుణ్ణి గుర్తు అడిగితే చాలు. బైబిల్లో గిద్యోను గుర్తు కోసం ఉన్ని పరిచి, దానిమీద మంచు పడాలని అడిగింది దేవుడు పని అప్పగించిన తర్వాత. నేనూ కుర్రతనంలో ఒక సంబంధం గురించి, "ఇప్పుడొచ్చే బస్సు 500డి అయితే ఒప్పుకుంటా ప్రభువా" అన్నాను. రింగు రోడ్డు మీద నిలబడి 500డి కోసం ప్రార్థన! వచ్చింది. సంబంధం మాత్రం తప్పిపోయింది.

అపోహ: నాకు స్వరం వినబడలేదు కాబట్టి దేవుని చిత్తం తప్పిపోయాను. ఈ టెన్షన్‌తో నిద్రపట్టని పిల్లలు మా పీజీల్లో చాలామంది ఉన్నారు. అమ్మా, మందిరంలో పెరిగిన బాలుడు సమూయేలు కూడా దేవుడు పిలిస్తే, ముసలి యాజకుడు ఏలీ పిలిచాడనుకుని మూడుసార్లు ఆయన దగ్గరికే పరుగెత్తాడు. విసుక్కోకుండా నాలుగోసారీ పిలిచాడు దేవుడు. పిలుస్తున్నది ఎవరో ఆ పిల్లాడికి చెప్పింది కళ్లు సరిగ్గా కనబడని ఆ ముసలాయనే. మీరూ ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని చెప్పుకోండి.

ఆ తమ్ముడు తర్వాత తక్కువ జీతానికి ఇంకోచోట చేరాడు. మేము ఈసారి కార్డుల వెనక "అధ్యాయమంతా చదవండి" అని అచ్చు వేయించాం. సగంమంది వెనక్కి తిప్పి చూసి ఉండరు. ఒక మామ్మగారు మాత్రం రెండో తారీఖు పొద్దున్నే ఫోన్ చేశారు. "అయ్యగారూ, 70 ఏళ్లా?"