కంచం సరే, ఫ్రిజ్ సంగతేమిటి?

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. అన్నం పారేస్తే పాపమని మీకు అందరూ చెబుతూనే ఉంటారు కాబట్టి నేను మళ్లీ చెప్పను. కంచంలో నాలుగు మెతుకులు వదిలితే మిమ్మల్ని కోప్పడే పెద్దవాళ్లే, ఫ్రిజ్ అడుగు అరలో కుళ్లిన కొత్తిమీర కట్టను చడీచప్పుడు లేకుండా చెత్తబుట్టలో వేస్తారు. దాని మీద ఎవరూ ఎవరినీ కోప్పడరు.

ఆహారం వృథా అంటే పెళ్లి భోజనాలే గుర్తొస్తాయి కదా? ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక చూడండి. 2022లో ప్రపంచంలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్లలోనిదే! మన దేశంలో ఇళ్ల నుంచి పోయేది మనిషికి ఏడాదికి 55 కిలోలని అంచనా. తొక్కలు, ఎముకల వంటివి కూడా ఆ లెక్కలోనివే అనుకోండి.

మా చిన్నప్పుడు పెరట్లో కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ గేదెకే. మీ అపార్టుమెంటులో గేదె ఎక్కడిది? సంచిలో మూటకట్టిన అన్నం డంపింగ్ యార్డుకు పోయి, గాలి ఆడని చెత్తగుట్ట కింద కుళ్లి మీథేన్ అవుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు బలమైనది.

అందుకే మీకొక ఉద్యోగం ఇస్తున్నాను. రాత్రి బియ్యం కొలిచే ముందు ఇంట్లో ఎంతమంది తింటారో కనుక్కుని అమ్మకో నాన్నకో చెప్పండి. సగం అన్నం మిగిలేది ఈ ఒక్క మాట అడగకే. సంతకు వెళ్లే ముందు ఫ్రిజ్ తెరిచి చూడండి. పాత కూరలు ముందుకు, కొత్తవి వెనక్కి సర్దండి. కొత్తిమీర వేళ్లు కోసి, తడి లేకుండా కాగితంలో చుట్టి డబ్బాలో పెడితే చాలా రోజులుంటుంది. బీరకాయ చెక్కు పారేయనివ్వకండి, పచ్చడికి దాన్ని మించింది లేదు. పుల్లటి పెరుగు మజ్జిగ పులుసుకు, పులిసిన ఇడ్లీ పిండి పునుగులకు. ఇవి మీకు చెప్పాలా, పునుగులంటే మీరే ముందుంటారు.

అన్నం దగ్గర మాత్రం పొదుపు కన్నా జాగ్రత్త ముఖ్యం. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మిగిలిన అన్నం రెండు గంటల లోపే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ప్యాకెట్ల మీద తేదీలు కూడా చదవండి. 'బెస్ట్ బిఫోర్' అన్నది రుచి, తాజాదనం గురించి. 'యూజ్ బై' దాటిందంటే తినకూడదు.

ఇక కంచం సంగతి. కొంచెం పెట్టుకుని, కావాలంటే మళ్లీ అడగండి. ఆకలి తీరాక బలవంతంగా కుక్కుకోవడం నాకు నచ్చదు. వేసవి సెలవుల్లో నేను మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టండి, ఏమీ అనుకోను. కొత్తావకాయ అన్నానికి మాత్రం ఎవరూ అడ్డం పెట్టరని నాకు తెలుసు.

మీ అమ్మమ్మ