440 కిలోల కారు: బోల్టులు, తూకాలు, తలనొప్పులు

1950లలో బ్రిటన్‌లో కొత్త కారు కొంటే పర్చేజ్ ట్యాక్స్ పేరుతో గట్టిగానే సమర్పించుకోవాల్సి వచ్చేది. విడిభాగాలు కొనుక్కుని ఇంట్లో బిగించుకుంటే మాత్రం ఆ పన్ను లేదు. 1957లో వచ్చిన లోటస్ ‘సెవెన్’ కారును ఆ సంస్థ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ ఈ సందులోంచే జనానికి అమ్మారు. పన్నువాళ్లు దానికీ ఒక మెలిక పెట్టారు: పెట్టెతో పాటు బిగించే సూచనలు ఇవ్వకూడదు. దాంతో లోటస్ వాళ్లు విప్పే సూచనలు ఇచ్చారనీ, కొన్నవాళ్లు వాటిని చివరి నుంచి మొదటికి చదువుకున్నారనీ చెబుతారు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది, కిట్ కొనడంలో ఉన్న లాభమూ పోయింది. అదే ఏడాది లోటస్ నుంచి సెవెన్ హక్కులు గ్రాహం నీర్న్ నడిపే కేటర్‌హామ్ సంస్థకు వెళ్లాయి. పన్ను కోసం పుట్టిన అలవాటు పన్ను పోయాక కూడా పోలేదు. నేటికీ ఈ కారును పెట్టెల్లో తెప్పించుకుని గ్యారేజీలో బిగించుకునేవాళ్లు ఉన్నారు.

సెవెన్ వంశంలో ఇవాళ్టి బుల్లి కారు కేటర్‌హామ్ 170. 2021లో వచ్చింది. సుజుకి తయారుచేసిన 660 సీసీ టర్బో ఇంజిన్, 84 హార్స్‌పవర్, బరువు 440 కిలోలు. మన స్విఫ్ట్ శక్తి కూడా ఇంచుమించు అంతే, బరువు మాత్రం 900 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు, ఏసీ సంగతి అడగనే వద్దు.

తేలికదనం వల్ల లాభమేంటో న్యూటన్ రెండో సూత్రం చదివిన ఎవరికైనా తెలుసు. అదే బలానికి సగం బరువుంటే వేగం రెట్టింపు చురుగ్గా పుంజుకుంటుంది. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా లెక్క అదే. టైరు విషయంలో ఇంకో లాభం ఉంది. టైరు మీద బరువు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, కాస్త తక్కువే పెరుగుతుంది. అంటే బరువైన కారు తన టైర్ల నుంచి కిలోకి రాబట్టే పట్టు తక్కువ. తేలిక కారు మలుపుల్లో పెద్ద పెద్ద కార్లను ఇబ్బంది పెట్టడానికి ఇదొక కారణం.

ఈ లాభం ఉచితంగా రాదు. మామూలు కార్లలో అదనంగా ఉండే లోహం ఊరికే ఉండదు. తుప్పును కొన్నేళ్లు ఓర్చుకుంటుంది, వదులైన బోల్టును క్షమిస్తుంది, యజమాని నిర్లక్ష్యాన్ని భరిస్తుంది. ఆ లోహాన్ని తీసేస్తే ఆ పని ఇంకెవరో చేయాలి. కిట్ కారులో ఆ ఇంకెవరో స్పానర్ పట్టుకున్న యజమానే.

అస్థిపంజరంతో మొదలుపెడదాం. సెవెన్ చాసిస్ సన్నని ఉక్కు గొట్టాలను వెల్డ్ చేసి కట్టిన చట్రం. గొట్టాలు వీలైనంత వరకు త్రిభుజాలుగా కలుస్తాయి. నాలుగు కర్రల చట్రాన్ని పక్క నుంచి తోస్తే ఒరిగిపోతుంది, త్రిభుజం ఒరగదు. అలా కట్టినప్పుడు ఒక్కో గొట్టం మీద పడేది ప్రధానంగా లాగే బలమో నొక్కే బలమో మాత్రమే, వంచే బలం తక్కువ. సన్న గొట్టం లాగుడును బాగా తట్టుకుంటుంది, వంపును తట్టుకోలేదు. అందుకే ఈ చట్రానికి అడ్డదిడ్డంగా చిల్లులు పెట్టడం, దారికి అడ్డొచ్చిందని ఒక గొట్టం కోసేయడం అన్నిటికన్నా చెడ్డ మోడిఫికేషన్.

ఈ ఉక్కు గొట్టాలకు అల్యూమినియం రేకులు రివెట్లతో బిగిస్తారు. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ ఉండి, మధ్యలోకి ఉప్పునీరు చేరిందంటే అక్కడ చిన్నపాటి బ్యాటరీ తయారైనట్టే. అల్యూమినియం తనను తాను కరిగించుకుంటుంది, రివెట్ చుట్టూ తెల్లపొడి కనిపిస్తుంది. బ్రిటన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి చాలామంది ఆ నెలల్లో కారు బయటికే తీయరు. ఉప్పుగాలి తినే ఇనుము సంగతి విశాఖ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గొట్టాల మీది పౌడర్ కోటింగ్‌తో ఇంకో చిక్కు. ఒకచోట పగిలితే నీళ్లు దాని కిందికి పాకుతాయి. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల తుప్పు నడుస్తూ ఉంటుంది. గోటితో గీకి చూస్తే పెచ్చుగా లేస్తుంది.

ఇప్పుడు బోల్టుల దగ్గరికి వద్దాం. నాకు ఈ కారులో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే. బోల్టు అనేది నిజానికి చాలా గట్టి స్ప్రింగు. బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగుతుంది, మళ్లీ ముడుచుకోవాలని చూసే ఆ బలమే రెండు భాగాలను నొక్కి పట్టుకుంటుంది. టార్క్ రెంచ్ ఈ సాగుడును నేరుగా కొలవదు, తిప్పడానికి ఎంత బలం పట్టిందో మాత్రమే చెబుతుంది. మనం పెట్టే టార్క్‌లో సుమారు పదో వంతే బోల్టును సాగదీస్తుంది. మిగతాదంతా బోల్టు తల కింద, మరల్లో రాపిడికి పోతుంది. కాబట్టి పొడి బోల్టుకు ఇచ్చిన అంకెను నూనె పూసిన బోల్టుకు వాడితే అది లెక్కకు మించి సాగుతుంది. రెంచ్ మాత్రం రెండుసార్లూ ఒకేలా ‘టక్’ మంటుంది.

బోల్టు ఎందుకు ఊడుతుందో గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీర్ 1969లో వివరించారు. బోల్టు పొడవు దిశలో వచ్చే కుదుపు కన్నా, బిగించిన భాగాలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా జారడం ఎక్కువ ప్రమాదం. ఆ జారుడులో మరల్లోని రాపిడి క్షణకాలం మాయమవుతుంది, నట్టు తనంతట తానే కొద్దికొద్దిగా తిరుగుతుంది. తగినంత నొక్కుడు ఉంటే భాగాలు జారవు, జారకపోతే నట్టు తిరగదు. సస్పెన్షన్ చేతులు చాసిస్‌కు కలిసే చోట ఈ అడ్డ బలాలు రోజూ ఉంటాయి. అందుకే అక్కడ నైలాన్ రింగున్న నట్లు వేస్తారు, ఒకసారి విప్పినవాటిని మళ్లీ వాడరు. బిగించాక నట్టు మీదుగా పక్కనున్న లోహం దాకా పెయింట్ పెన్నుతో ఒక గీత గీస్తారు. గీత విరిగి కనిపిస్తే నట్టు కదిలిందన్నమాట. కొత్తగా కట్టిన కారును కొన్ని వందల కిలోమీటర్లు నడిపాక మొత్తం బోల్టులన్నీ ఒకసారి చూసుకోవాలనేది ఇందుకే. భాగాలు సర్దుకుంటాయి, పెయింట్ నలుగుతుంది, నొక్కుడు తగ్గుతుంది.

సస్పెన్షన్ కీళ్ల దగ్గరుండే రబ్బరు తొడుగుల (బుష్‌ల) విషయంలో తెలియకపోతే దెబ్బతినే సంగతి ఒకటుంది. కారును స్టాండ్ల మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా బుష్ బోల్టులు పూర్తిగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడిపోతుంది. ఇక ఎప్పుడూ ఆ మెలికలోనే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. బోల్టు వదులుగా పెట్టి, కారును చక్రాల మీద నిలబెట్టి, అప్పుడు చివరి బిగింపు ఇవ్వాలి.

మోడిఫికేషన్ అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది ఇంజిన్. నా ఉద్దేశంలో అది వరసలో చిట్టచివరిది. సెవెన్ ఆకారం గాలికి అస్సలు నచ్చదు. బయటికి పొడుచుకొచ్చిన చక్రాలు, మడ్‌గార్డులు, నిటారు అద్దం... ఆకారం గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, అంటే డ్రాగ్ గుణకం, దీనికి సుమారు 0.7 ఉంటుంది, ఇవాళ్టి మామూలు కార్లది 0.3 ప్రాంతంలో ఉంటుంది. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. గరిష్ఠ వేగం పదో వంతు పెంచాలంటే శక్తి మూడో వంతు పెంచాలి. కేటర్‌హామ్ వాళ్ల లెక్కలే చూడండి: 84 హార్స్‌పవర్ 170 గంటకు 169 కిలోమీటర్లు పోతుంది, 310 హార్స్‌పవర్ ఉన్న 620ఆర్ 250 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. శక్తి మూడున్నర రెట్లకు పైగా పెరిగితే వేగం ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు. ఆగి ఉన్నచోటు నుంచి దూకడంలో తేడా భయంకరంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ దూకుడు కోసం క్లచ్, గేర్‌బాక్స్, రేడియేటర్, వెనక యాక్సిల్ అన్నీ మార్చుకుంటూ పోతే బరువు మళ్లీ మొదటికొస్తుంది.

బ్రేకులదీ ఇలాంటి కథే. డ్రైవర్‌తో కలిపి 520 కిలోల కారు 100 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని గతిశక్తి సుమారు 2 లక్షల జౌళ్లు. 1600 కిలోల ఎస్‌యూవీకి 6 లక్షల పైమాటే. ఆపినప్పుడు ఈ శక్తంతా డిస్కుల్లో వేడిగా మారాలి. రేసింగ్ ప్యాడ్లు వేడెక్కితేనే గట్టిగా పట్టుకుంటాయి. రోడ్డు మీద తేలిక కారు వాటిని వేడెక్కించనే లేదు, దాంతో ఖరీదైన ప్యాడ్లు వేసినవాళ్ల కారు మొదటి మలుపు దగ్గర మునుపటికన్నా ఆలస్యంగా ఆగుతుంది. పెద్ద డిస్కులు వేస్తే చక్రం దగ్గర బరువు పెరుగుతుంది, గుంతలో పడిన చక్రం మళ్లీ రోడ్డును అందుకోవడం ఆలస్యమవుతుంది. దీనికన్నా రెండేళ్లకోసారి బ్రేక్ ఫ్లూయిడ్ మార్చడం మేలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ప్రమాణం ప్రకారం ఆ హద్దు 155కి పడిపోతుంది.

నన్నడిగితే మొదటి ఖర్చు నాలుగు తూకాల మీద పెట్టాలి. 80 కిలోల మనిషి ఎస్‌యూవీలో కూర్చుంటే దానికి పెద్ద పట్టింపు లేదు, 440 కిలోల కారులో కూర్చుంటే దాని బరువులో ఐదో వంతుకు దగ్గరగా ఒక పక్కన చేరినట్టు. అందుకే ఒక్కో చక్రం కింద ఒక్కో తూకం పెట్టి, డ్రైవర్ సీట్లో మనిషినో అంత బరువు ఇసుక సంచులనో ఉంచి లెక్క చూస్తారు. ఎగుడుదిగుడు నేల మీద వేసిన నాలుగు కోళ్ల మంచంలాగే కారు కూడా రెండు ఎదురెదురు మూలల మీదే ఎక్కువ బరువు మోపుతుంది. ముందు ఎడమ 130, ముందు కుడి 120, వెనక ఎడమ 125, వెనక కుడి 145 కిలోలు చూపించాయనుకుందాం. ముందు ఎడమ, వెనక కుడి కలిసిన మూలజంట 275, ఇంకోటి 245. ఈ కారు ఒకవైపు తిరిగినట్టు మరోవైపు తిరగదు. గట్టిగా బ్రేకు వేస్తే 120 కిలోలున్న చక్రం ముందు లాక్ అవుతుంది, ఏబీఎస్ లేదు కదా.

షాక్ అబ్జార్బర్ మీద స్ప్రింగు కూర్చునే రింగును కొద్దిగా తిప్పితే ఆ మూలా, దాని ఎదురు మూలా బరువు పుచ్చుకుంటాయి, మిగతా రెండూ వదులుకుంటాయి. తమాషా ఏమిటంటే రింగులు ఎంత తిప్పినా ఎడమ కుడుల మొత్తం మారదు, ముందు వెనకలదీ మారదు. అవి మారాలంటే బ్యాటరీ లాంటి వస్తువును నిజంగా చోటు మార్చాల్సిందే. తూకాల కింద నేల సమంగా లేకపోతే ఈ శ్రమంతా దండగ. టైల్ ముక్కలు పెట్టి మట్టం సరిచేసుకోవడానికే సగం పూట పోతుంది.

బాగా పట్టున్న టైర్లు వేశాక ఇంజిన్ ఆయిల్ గురించి కూడా ఆలోచించాలి. మలుపులో పక్కకు నెట్టే త్వరణం గురుత్వంతో సమానమైతే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే సంప్‌లోని ఆయిల్ ఉపరితలం 45 డిగ్రీలు ఒరుగుతుంది. ఆయిల్ పీల్చే గొట్టం గాలిలో తేలితే బేరింగులు కొన్ని క్షణాల్లోనే దెబ్బతింటాయి. సంప్‌లో అడ్డుపలకలు వేయడమో, ఆయిల్‌ను వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంప్ పెట్టడమో దీనికి మార్గం.

మన దగ్గర ఈ సరదాకు చట్టం అడ్డం. కారులో తయారీదారు ఇచ్చిన ప్రాథమిక వివరాలను మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే ఖరారు చేసింది. రోడ్డెక్కని కార్లకు ఈ బాధ లేదు. మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీలకు కట్టే కార్లలో చాలావాటికి ఇదే గొట్టాల చట్రం, ఇదే తూకాల పంచాయతీ. అక్కడ పరుగుకు ముందు టిల్ట్ పరీక్ష ఉంటుంది. జట్టులో అందరికన్నా పొడుగరి డ్రైవర్‌ను కూర్చోబెట్టి కారును పక్కకు 60 డిగ్రీలు వంచుతారు. మలుపులో గురుత్వానికి 1.7 రెట్ల త్వరణం వచ్చినప్పుడు ఆయిల్ ఎంత ఒరుగుతుందో, ఆ వంపులోనూ సుమారు అంతే ఒరుగుతుంది. చక్రం లేచినా, చుక్క ఆయిల్ కారినా ట్రాక్ మీదికి పంపరు.