వెనక నుంచి కబురందని అల

కిలో నెయ్యి పూర్తిగా కాలితే వచ్చే శక్తి, కిలో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం పేలితే వచ్చే శక్తికి ఎనిమిది రెట్లు. నెయ్యి నుంచి సుమారు 37 మెగాజౌళ్లు వస్తే, టీఎన్‌టీ నుంచి వచ్చేది నాలుగున్నరే. నెయ్యికి కావాల్సిన ఆక్సిజన్ గాలి సరఫరా చేస్తుంది, టీఎన్‌టీ మాత్రం తన అణువులోనే మోసుకు తిరుగుతుంది కాబట్టి ఈ లెక్కలో కొంచెం అన్యాయం ఉంది. అయినా నేతి దీపం పెడితే ఇల్లు కూలదు. తేడా అంతా శక్తి ఎంత వేగంగా బయటపడుతుందన్నదాంట్లో ఉంది. టీఎన్‌టీలో డిటొనేషన్ తరంగం, అంటే పేలుడును ముందుకు తీసుకుపోయే అల, సెకనుకు దాదాపు 6,900 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది. ఆ తరంగం ముఖంలో గోరంత మేర, అంటే ఒక చదరపు సెంటీమీటరు తీసుకుని అక్కడ శక్తి ఏ రేటున విడుదలవుతోందో లెక్కగడితే 5,000 మెగావాట్లు తేలుతుంది. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. కాకపోతే సింహాద్రి ఏళ్ల తరబడి నడుస్తుంది, ఇది మైక్రోసెకన్లలో అయిపోతుంది.

మామూలు మంట నిదానంగా పాకుతుంది. కాలిన పొరలోని వేడి పక్క పొరకు చేరాలి, అది కాగాలి, అప్పుడు అంటుకోవాలి. కదలకుండా ఉన్న మీథేన్, గాలి మిశ్రమంలో ఈ పని సెకనుకు 40 సెంటీమీటర్ల చొప్పున సాగుతుంది. హైడ్రోజన్ అయితే రెండు మూడు మీటర్లు. డిటొనేషన్ దారి వేరు. ముందు నడిచే షాక్ తరంగం ఎదురుగా ఉన్న వాయువును ఒక్కసారిగా నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే వాయువు మండేంత వేడెక్కుతుంది. మండగా వచ్చిన శక్తి మళ్లీ ఆ షాక్‌ను నీరసపడనివ్వదు. ఇలా హైడ్రోజన్, గాలి మిశ్రమంలోనే వేగం సెకనుకు 1,970 మీటర్లకు చేరుతుంది. ఆ మిశ్రమంలో శబ్దం పోయే వేగానికి ఇది ఐదు రెట్లకు కాస్త తక్కువ.

దీన్ని వాయువుల్లో మొదట గుర్తించింది 1881లో, ఫ్రాన్స్‌లో. బెర్తెలో, వియెయి ఒక జట్టు. బొగ్గు గనుల్లో గ్యాస్ పేలుళ్ల మీద పనిచేస్తున్న మలార్, ల షాతెలియె ఇంకో జట్టు. వాళ్లను ఆశ్చర్యపరిచింది వేగం ఎక్కువగా ఉండటం కన్నా, అది మారకపోవటం. గొట్టం దేనితో చేసినా, మరీ సన్నగా లేనంతవరకు లావు ఎంతున్నా, చివర మూసినా తెరిచినా, ఎలా అంటించినా, కొంత దూరం పోయాక తరంగం అదే వేగంలో కుదురుకుంటుంది. మిశ్రమం మారితేనే అంకె మారుతుంది. మాంచెస్టర్‌లో డిక్సన్ రకరకాల వాయువుల్లో ఈ అంకెల్ని ఓపిగ్గా కొలిచి పెట్టాడు.

ఆ అంకెలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో 1899లో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త చాప్మన్ చెప్పాడు, అదీ సగం ఊహతో. తరంగానికి ముందూ వెనకా ద్రవ్యరాశి, ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది), శక్తి మారకుండా నిలిచి ఉండాలని సమీకరణాలు రాస్తే ఒకే జవాబు రాదు. ఒక కనీస వేగం వస్తుంది, దానికి పైన ఏ వేగమైనా సమీకరణాలకు సమ్మతమే. చాప్మన్ ఆ కనీస వేగాన్నే ఎంచుకున్నాడు. ఎందుకయ్యా అంటే, డిక్సన్ కొలతలకు అదే సరిపోయింది! పరీక్షలో పిల్లవాడు ఇలా చేస్తే మార్కులు పడవు. అసలు కారణాన్ని కొన్నేళ్లకు ఫ్రాన్స్‌లో జూగే పట్టుకున్నాడు. ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది అదే.

తరంగం మీద మనం కూర్చున్నామనుకుందాం. ఎదురు నుంచి తాజా వాయువు వచ్చి పడుతుంది, కాలిన వాయువు వెనక్కి పోతుంది. ఆ వెనక గొట్టంలో ఖాళీ చోటు ఉంది కాబట్టి కాలిన వాయువు వ్యాకోచిస్తుంది. పీడనం పడిపోయిందన్న ఆ కబురు మన దాకా రావాలంటే శబ్దవేగంతోనే రావాలి. తరంగం కనీస వేగం కన్నా జోరుగా పోతుంటే, దాని వెనక కాలిన వాయువు శబ్దం కన్నా నెమ్మదిగా వెనక్కి జరుగుతుంటుంది. కాబట్టి కబురు వచ్చి అందుకుంటుంది, తరంగం బలం తగ్గుతుంది, వేగం పడిపోతుంది. అలా పడిపోతూ పోతూ కనీస వేగం దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. అక్కడ కబురు ఎంత వేగంతో ముందుకు వస్తుందో, కాలిన వాయువు దాన్ని సరిగ్గా అంతే వేగంతో వెనక్కి లాక్కుపోతుంది. ఇక వెనక ఏం జరిగినా తరంగానికి తెలియదు. అంతకన్నా నెమ్మదిగా పోవడానికి సమీకరణాలు ఒప్పుకోవు, జోరుగా పోతే కబురు వెంటాడుతుంది. అందుకే ఎంత గట్టిగా అంటించామన్నది కాసేపటికి చెరిగిపోతుంది. టీఎన్‌టీలోనూ ఇదే కథ. అక్కడ పీడనం మాత్రం సుమారు 2 లక్షల అట్మాస్ఫియర్లు, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి అన్ని రెట్లు.

ఈ లెక్కలో రసాయన చర్య ఎంత వేగంగా జరుగుతుందన్న ప్రస్తావనే లేదు, గమనించారా? ఆ లోటు పూడ్చింది యుద్ధకాలంలో ముగ్గురు: సోవియట్ యూనియన్‌లో జెల్దోవిచ్ 1940లో, అమెరికాలో వాన్ నాయ్‌మన్ 1942లో, జర్మనీలో డోరింగ్ 1943లో. ఒకరి పని ఒకరికి తెలియకుండా ముగ్గురూ ఒకే చిత్రం గీశారు. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా మందం లేని షాక్ ముందు పోతుంది. దాని వెనక వాయువు 1,500 కెల్విన్ల దాకా కాగినా వెంటనే మండదు. హైడ్రోజన్, గాలి మిశ్రమంలో మిల్లీమీటరులో అయిదో వంతు దూరం అలాగే పోయి, అప్పుడు భగ్గుమంటుంది. విచిత్రమేమిటంటే, పీడనం ఎక్కువగా ఉండేది మండిన చోట కాదు, ఇంకా మండని ఆ సన్నటి పొరలో. అక్కడ 28 అట్మాస్ఫియర్ల దాకా ఉండి, మండేకొద్దీ 16 దగ్గరికి దిగుతుంది.

చిత్రం బాగానే ఉంది గానీ, అసలు తరంగం అలా చదునుగా, నిలకడగా ఉండదు. ఈ సంగతి మసి బయటపెట్టింది. సోవియట్ పరిశోధకులు దెనిసోవ్, త్రోషిన్ 1959లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ ల్యాబుల్లో నడుస్తోంది. పలచటి లోహపు రేకుకు పొగ పట్టించి, గొట్టం లోపలి గోడకు చుట్టి, తరంగాన్ని దాని పక్కనుంచి పోనిస్తారు. రేకు బయటికి తీస్తే మసి మీద చేప పొలుసుల్లాంటి గళ్లు గీసి ఉంటాయి. తరంగం ముఖం నిండా అడ్డంగా పరుగెత్తే చిన్న షాక్‌లు ఉంటాయి. అవి ముఖాన్ని కలిసే బిందువులు మసిని గీరుకుంటూ పోతాయి, ఎదురెదురుగా గుద్దుకుని మళ్లీ విడిపోతాయి. గుద్దుకున్న చోట కొత్త గడి మొదలవుతుంది. కొన్ని మిశ్రమాల్లో గడి మొదట్లో తరంగం వేగం సగటుకు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, చివరికి వచ్చేసరికి మూడింట రెండు వంతులకు జారిపోతుంది. ఇంత కల్లోలం జరుగుతున్నా, పెద్ద గొట్టంలో సగటు వేగం తీస్తే చాప్మన్ అంకెకు ఒకటి రెండు శాతం తేడాలో ఉంటుంది.

గడి పరిమాణం మిశ్రమాన్ని బట్టి మారుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్‌లో ఒకటి రెండు మిల్లీమీటర్లు. హైడ్రోజన్, గాలిలో సెంటీమీటరు అటూ ఇటూ. మీథేన్, గాలిలో 30 సెంటీమీటర్ల దాకా. గడి ఎంత పెద్దదైతే డిటొనేషన్ నిలబడటం అంత కష్టం. సన్న గొట్టంలోంచి బయటి ఖాళీలోకి వచ్చాక కూడా తరంగం బతకాలంటే గొట్టం వ్యాసం గడి వెడల్పుకు 13 రెట్లు ఉండాలన్నది చాలా మిశ్రమాలకు పనికొచ్చే లెక్క. హైడ్రోజన్ భద్రత చూసే ఇంజినీర్లకు ఈ గడి కొలత చాలా ముఖ్యం. దాన్ని మాత్రం కాగితం మీద నమ్మకంగా తేల్చలేం, మసి రేకు మీద కొలుచుకోవాల్సిందే.

బయట ఆరుబయలు ప్రదేశంలో గ్యాస్ మేఘం అంటుకుంటే మామూలుగా మంటే పాకుతుంది. అదీ తక్కువ ప్రమాదమేమీ కాదు. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో ఎల్పీజీ లీకై అంటుకున్నప్పుడు 60 మంది దాకా పోయారు. అయితే దారిలో అడ్డంకులు ఎక్కువైతే మంట చిందరవందరై వేగం అందుకుంటుంది, చివరికి డిటొనేషన్‌గా మారవచ్చు. 2005 డిసెంబరు 11 తెల్లవారుజామున ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపోలో గేజి పనిచేయక ట్యాంకు నిండి పొంగింది. పెట్రోలు ఆవిరి చుట్టుపక్కల పరుచుకుని పేలింది. నిపుణులు ఊహించినదానికన్నా నష్టం చాలా ఎక్కువ. ఏళ్ల తరబడి పరిశీలించాక అనుమానం రోడ్డు పక్కన దట్టంగా పెరిగిన చెట్ల మీదికి, పొదల మీదికి పోయింది. ఆ కొమ్మా రెమ్మల మధ్య దూరిన మంటే డిటొనేషన్‌గా మారి ఉండాలి.

ఇదే తరంగాన్ని ఇంజినుకు కట్టాలన్న ప్రయత్నాలూ ఉన్నాయి. రెండు గొట్టాల మధ్య వలయంలాంటి సందులోకి ఇంధనం పంపుతూ ఉంటే, తరంగం అందులో సెకనుకు వేలసార్లు గుండ్రంగా తిరుగుతుంది. మామూలు జెట్ ఇంజినులో మండేటప్పుడు పీడనం కాస్త తగ్గుతుంది, ఇక్కడ పెరిగే వీలుంది. అంటే అంతే ఇంధనంతో ఎక్కువ పని. 2021 జులైలో జపాన్ ఎస్-520-31 సౌండింగ్ రాకెట్ (పరిశోధన కోసం పైకి పంపే చిన్న రాకెట్) మీద ఇలాంటి ఇంజిన్ని అంతరిక్షంలో కొద్ది సెకన్లు నడిపి చూసింది. ఒక్క తరంగంతో మొదలైనది ఉన్నట్టుండి రెండు, మూడు తరంగాలుగా చీలడం, ఒక్కోసారి తిరిగే దిశే మార్చుకోవడం ఇలాంటి ఇంజిన్లలో మామూలే. దాన్ని అదుపులో పెట్టడంతో పాటు, ఆ వేడికి గోడలు కరగకుండా చూడటం కూడా ఇంజినీర్ల మీద ఉన్న పని.