ఫోన్ ముందా, ఆత్మన్యూనత ముందా: తిరగబడిన ఒక వాక్యం వెనుక కథ

2025 డిసెంబర్ 10న ఆస్ట్రేలియాలో పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదనే చట్టం అమల్లోకి వచ్చింది. దాంతో ఫోన్ కుర్రకారును చెడగొడుతోందా అన్న పాత పేచీ మళ్లీ రాజుకుంది. మరి పద్దెనిమిది దాటినవాళ్ల మాటేమిటి? యూనివర్సిటీ విద్యార్థులు ఆ చట్టం కిందికి రారు, వాళ్లు పిల్లలు కారు. క్లాసులో ఫోన్ కనిపించకూడదని వాళ్లకు నియమం పెట్టాలంటే గట్టి కారణం చూపించాలి. చదువు దెబ్బతింటోందన్నది ఒక కారణం. అంతకన్నా బరువైనది ఇంకొకటి ఉంది: ఫోన్‌కు బానిసలై ఈ కుర్రకారు తమ మీద తమకుండాల్సిన నమ్మకాన్నే పోగొట్టుకుంటున్నారని. దీనికి రుజువుగా ఎన్నో సర్వేలు చూపిస్తారు. ఆ సర్వేలు అబద్ధం కావు. కానీ ఆ వాక్యంలో ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఎక్కడ తేలింది?

సెల్‌ఫోన్ స్మార్ట్‌ఫోన్‌గా ఎలా మారిందో అందరికీ తెలుసు కాబట్టి ఆ కథ వదిలేస్తాను. నా లెక్కలో అసలు మలుపు 2007లో ఐఫోన్ రావడం కాదు. దానికి రెండేళ్ల ముందు, 2005లో, ఆస్ట్రేలియాలోనే వచ్చిన ఒక పరిశోధనా పత్రం.

మోనాష్ యూనివర్సిటీకి చెందిన ఏడ్రియానా బియాంకీ, జేమ్స్ ఫిలిప్స్ రాసిన పత్రమది. అప్పటికి ఫోన్ అంటే బటన్లు, మెసేజ్‌లు, మాటలు. వాళ్ల బెంగ కూడా వేరు. బండి నడుపుతూ ఫోన్ వాడొద్దని చట్టాలున్నా కొందరు ఎందుకు మానలేకపోతున్నారు, అదీ ముఖ్యంగా కుర్రవాళ్లు? ఈ ప్రశ్నతో 27 ప్రశ్నల కొలబద్ద ఒకటి తయారుచేశారు. ఎలాంటి మనుషులు ఫోన్‌తో చిక్కుల్లో పడతారో చూశారు. తేలినవి మూడు లక్షణాలు: చిన్న వయసు, నలుగురిలో కలిసిపోయే చురుకైన స్వభావం, ఆత్మన్యూనత. ఊరికే ఆందోళనపడే స్వభావానికి మాత్రం దీనితో సంబంధం కనిపించలేదు.

ఇక్కడ కాస్త నిలబడాలి. ఆత్మన్యూనత ఆ పత్రంలో ఫోన్ తెచ్చిపెట్టిన జబ్బు కాదు. మనిషి ఫోన్ దగ్గరికి వచ్చేటప్పుడే వెంట తెచ్చుకున్న లోటు. ఎవరు చిక్కుకుంటారో ముందుగా చెప్పగల గుర్తుల్లో ఒకటిగా వాళ్లు దాన్ని లెక్కేశారు. అది కూడా ఒకేసారి తీసిన సర్వే, అదొక్కటే అంతా రుజువు చేసిందని నేను అనను. కానీ ప్రశ్న ఎలా పుట్టిందో గమనించండి: 'తన మీద తనకు నమ్మకం చాలని మనిషి ఫోన్‌ను ఎందుకు వదల్లేకపోతున్నాడు?' అని. పదేళ్లు తిరిగేసరికి అదే రెండు మాటలు తారుమారై 'ఫోన్‌ను వదల్లేని మనిషికి తన మీద తనకు నమ్మకం ఎందుకు పోతోంది?' అయింది. కొత్తగా ఏదో రుజువై ఇలా మారిందనుకుంటే పొరపాటు. మారింది ఫోన్, దానితోపాటు మన భయం.

ఆ భయానికి కారణం లేకపోలేదు. 2009లో ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ వచ్చింది. 2010లో ఐఫోన్‌కు ముందువైపు కెమెరా, అదే ఏడాది ఇన్‌స్టాగ్రామ్. తన ముఖం తానే తీసుకుని, నలుగురిలో పెట్టి, ఎంతమందికి నచ్చిందో అంకెల్లో చూసుకునే ఏర్పాటు రెండేళ్లలో జేబులోకి వచ్చేసింది. ఆత్మన్యూనతకు దీన్ని మించిన ఎరువు ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

అయితే అనిపించడం వేరు, కొలవడం వేరు. కొలిచే సాధనాల సంగతికి వస్తే కథ కొంత వెనక్కి, 1965కు వెళ్లాలి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ న్యూయార్క్ రాష్ట్రంలోని పది హైస్కూళ్లలో అయిదువేలమందికి పైగా విద్యార్థుల మీద పనిచేసి ఆత్మగౌరవాన్ని కొలిచే పది వాక్యాల కొలబద్ద ఇచ్చాడు. అయిదు తన గురించి మంచిగా చెప్పేవి, అయిదు చెడ్డగా చెప్పేవి. ఆత్మగౌరవం అనగానే మనకు ఎవరి ముందూ తలవంచని పంతం గుర్తుకొస్తుంది. రోజెన్‌బర్గ్ కొలవదలచింది అది కాదు. 'నేనూ నలుగురితో సమానంగా విలువున్న మనిషినే' అన్న మాటను మనసులో ఎంత నిమ్మళంగా ఒప్పుకోగలరన్నదే ఆయన చూసింది. అరవై ఏళ్లయినా పరిశోధకులు ఇప్పటికీ ఆ కాగితాన్నే పంచుతున్నారు.

రెండో కాగితం 2013లో దక్షిణ కొరియా నుంచి వచ్చింది. మిన్ క్వాన్ బృందం మొదట 33 ప్రశ్నలతో స్మార్ట్‌ఫోన్ వ్యసన కొలబద్ద తయారుచేసి, తర్వాత దాన్ని పదికి కుదించింది. అనుకున్న పని ఫోన్ వల్ల ఆగిపోతోందా, క్లాసులో మనసు నిలవడం లేదా, మణికట్టు, మెడ నొప్పి పెడుతున్నాయా, అనుకున్నదానికన్నా ఎక్కువసేపు వాడుతున్నారా, చుట్టూ ఉన్నవాళ్లు మరీ ఎక్కువ వాడుతున్నావంటున్నారా... ఇలాంటివి. ఒక్కొక్క దానికి 'అసలు కాదు' అంటే 1, 'పూర్తిగా అవును' అంటే 6. మొత్తం 10 నుంచి 60 దాకా. అబ్బాయిలకు 31, అమ్మాయిలకు 33 దగ్గర వ్యసనపు గీత గీశారు. ఆ గీత గీయడానికి చూసిన 540 మందీ స్కూలు పిల్లలు, సగటు వయసు పద్నాలుగున్నర. యూనివర్సిటీ వాళ్లు కారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక అబ్బాయి పదింటిలో ఎనిమిదికి 'కొంచెం కాదు' అని, రెండింటికి 'కొంచెం అవును' అని టిక్కు పెట్టాడనుకుందాం. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు, రెండు నాలుగులు ఎనిమిది. మొత్తం 32. గీత దాటేశాడు. పదిలో ఎనిమిదిసార్లు కాదన్న కుర్రాడు ఫోన్‌కు బానిస లెక్కలో చేరాడు! కొరియా బృందం ఆ గీతను ఊరికే గీయలేదు. ఏ పిల్లలకు సాయం అవసరమో ముందే గుర్తుపట్టే జల్లెడగా, తమ దగ్గరున్న పిల్లల నుంచి లెక్కగట్టి తీసింది. జల్లెడలో మిగిలినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలన్నది దాని ఉద్దేశం. అదే గీతను వేరే దేశాల్లో, వేరే వయసు వాళ్ల మీద పెట్టి 'మా విద్యార్థుల్లో ఇంత శాతం వ్యసనపరులు' అని ప్రకటించేవాళ్ల దగ్గరే చిక్కంతా.

ఆ తర్వాత వచ్చిన సర్వేలు చాలామటుకు ఒకే పద్ధతిలో నడిచాయి. ఒక క్లాసులో ఈ రెండు కాగితాలూ ఒకేసారి పంచుతారు. పది ప్రశ్నలు ఫోన్ గురించి, పది తన విలువ గురించి. ఫోన్ మార్కులు పెరిగినచోట ఆత్మగౌరవపు మార్కులు కొంత తగ్గి కనిపిస్తాయి. ఆ సంబంధం మళ్లీమళ్లీ దొరికింది కాబట్టి నిజమే అనుకోవచ్చు, పెద్దది మాత్రం కాదు. కానీ తనను తాను తక్కువగా చూసుకునే విద్యార్థి తన విలువ గురించిన కాగితం మీదే అలా చూసుకుని ఫోన్ కాగితం మీద మానేస్తాడా? 'నీకు ఫోన్ మీద అదుపు లేదా' అని అడిగితే 'లేదు, నాకు దేని మీదా లేదు' అనే మనసే అక్కడా జవాబు రాస్తుంది.

ఇది ఉత్త ఊహ కాదు. 2015లో బ్రిటన్ పరిశోధకులు 23 మంది ఫోన్లలో వాడకాన్ని నేరుగా నమోదుచేసి, వాళ్లు చెప్పుకున్న లెక్కతో పోల్చారు. రోజుకు సగటున 85 సార్లు ఫోన్ తీశారు. వాళ్లు అనుకున్నది అందులో సగం. మనుషులు చిన్న గుంపే, కానీ 2021లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసిన పరిశోధనలోనూ చెప్పే వాడకానికీ నిజం వాడకానికీ పొత్తు అంతంతమాత్రమేనని తేలింది. అంటే ఇన్నేళ్లుగా ఫోన్ వాడకం పేరుతో కొలిచిందాంట్లో కొంత, వాడకం గురించి విద్యార్థి పడే అపరాధభావమే కావచ్చు.

ఎదుటి పక్షం మాటా చెప్పాలి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు జీన్ ట్వెంగీ 2017 నుంచీ, జోనథన్ హైట్ మరింత గట్టిగా 2024లోనూ, 2010 తర్వాత కుర్రవాళ్లలో పెరిగిన కుంగుబాటును స్మార్ట్‌ఫోన్ వ్యాప్తితో ముడిపెట్టారు. కాలం కలిసిందన్నది నిజం. ఆస్ట్రేలియా చట్టం లాంటివాటికి ఊపునిచ్చింది ఈ వాదనే.

వాళ్ల పక్షానికి నిజంగా బలమిచ్చే పరిశోధన మాత్రం వేరే చోట ఉంది, అది యూనివర్సిటీ విద్యార్థుల మీదే జరిగింది. 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్‌లో మొదలైన ఫేస్‌బుక్ తర్వాత రెండున్నరేళ్లూ ఒక్కో కాలేజీకీ పాకుతూ వెళ్లింది. కొన్నిటికి ముందు, కొన్నిటికి వెనక. ఈ తేడాను పట్టుకుని బ్రగియేరీ, లెవీ, మకారిన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2022లో లెక్క తేల్చారు: ఫేస్‌బుక్ చేరిన కాలేజీల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యం దెబ్బతింది, ముఖ్యంగా కుంగుబాటు పెరిగింది. ఇది కారణాన్నీ ఫలితాన్నీ విడదీసి చూపగలిగిన అరుదైన పని. దాన్ని తోసిపుచ్చలేం.

కానీ ఆ ఏళ్లను ఇంకోసారి చూడండి. 2004 నుంచి 2006. ఇప్పటి తరహా స్మార్ట్‌ఫోన్ ఇంకా రాలేదు. ఆ విద్యార్థులు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఫేస్‌బుక్ చూసినవాళ్లు. దెబ్బ ఎలా తగిలిందన్నదానికి ఆ ముగ్గురూ చూపిన కారణం పోలిక: తోటివాళ్ల సంతోషాలు చూసి తమను తాము తక్కువ చేసుకోవడం. ఎక్కువ దెబ్బతిన్నది ఎవరంటే, తోటివాళ్ల పక్కన అప్పటికే తక్కువగా అనిపించే స్థితిలో ఉన్నవాళ్లు. 2005 నాటి మోనాష్ పత్రం చూపిన మనిషే మళ్లీ ఇక్కడ కనిపిస్తున్నాడు. అదే ఏళ్లలో, మరో ఖండంలో.

మరి తీసేస్తే? 2018లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మెలిసా హంట్ బృందం 143 మంది విద్యార్థులతో దీన్ని పరీక్షించింది. కొందరిని మూడు వారాలపాటు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకు పది నిమిషాలే వాడమన్నారు. మిగతావాళ్లు మామూలుగానే వాడారు. తగ్గించినవాళ్లలో ఒంటరితనం, కుంగుబాటు తగ్గాయి. ఈ ఫలితం చాలాచోట్ల వార్తయింది. వార్త కానిది ఇంకోటి ఉంది: ఆత్మగౌరవం కదల్లేదు. సోషల్ మీడియా వాడకం తగ్గింది, మనసు తేలికపడింది, 'నాకూ విలువుంది' అన్న మాట మాత్రం ఉన్నచోటే ఉంది. మూడు వారాలు చాలకపోయి ఉండొచ్చు. అయినా ఫోన్ వల్లే పోయిందని చెప్పే వస్తువు ఫోన్‌లో ఆ వాడకం తగ్గించినా తిరిగి రాలేదంటే, నియమాలు పెట్టేవాళ్లు ఒక్క క్షణం ఆలోచించాలి.

వైద్యుల గ్రంథాలు ఈ విషయంలో జాగ్రత్తగానే ఉన్నాయి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టిక ఐసీడీ-11లో గేమింగ్ రుగ్మతకు చోటిచ్చారు. స్మార్ట్‌ఫోన్ వ్యసనం అన్న పేరు అందులో లేదు.

ఇంతకీ వీటిని వదలడం గురించి విద్యార్థులు ఏమంటున్నారు? షికాగో యూనివర్సిటీకి చెందిన లియొనార్డో బర్స్‌టిన్ బృందం 2023లో వెయ్యిమందికి పైగా కాలేజీ విద్యార్థులను డబ్బు లెక్కలో ఇదే అడిగింది. నాలుగు వారాలు నువ్వొక్కడివే టిక్‌టాక్ మానేయడానికి ఎంతిస్తే ఒప్పుకుంటావు? సగటున 59 డాలర్లు ఇవ్వాలన్నారు. నీతోపాటు తోటి విద్యార్థులందరూ మానేస్తే? అప్పుడు తీసుకోవడం మాని, తామే ఎదురు 28 డాలర్లు ఇస్తామన్నారు. ఇన్‌స్టాగ్రామ్‌కూ ఇదే వరస: ఒక్కరే అయితే 47 డాలర్లు కావాలి, అందరూ అయితే 10 డాలర్లు ఇస్తాం.