రోహిణి కార్తెలో తోట పని: ముందు ఉప్పు సంగతి చూడాలి

రోహిణి కార్తె ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు. మే చివర్లో మొదలై జూన్ మొదటి వారం దాకా సాగే ఈ రోజుల్లో పెరటి మొక్క వాడితే మనకి తోచే మందు ఒక్కటే: ఇంకో బకెట్ నీళ్ళు. కానీ సఖినేటిపల్లి, నరసాపురం, మొగల్తూరు లాంటి గోదావరి డెల్టా దిగువ ప్రాంతాల్లో మొక్కని దెబ్బతీసేది ఎండ ఒక్కటే కాదు, ఆ బకెట్లో ఉన్న ఉప్పు కూడా.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ నేలకి తీపి నీళ్ళు తెచ్చేవి కాలువలే. వేసవిలో వాటిని కట్టేస్తే చాలా ఇళ్ళకి బోరే దిక్కు. తీరం దగ్గరి ఇసుక నేలల్లో మంచినీరు తేలికగా ఉండి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన అడుగు మంచినీరు ఉంటే కింద సుమారు 40 అడుగుల మంచినీరు నిలుస్తుందని లెక్క. పైమట్టం కొంచెం తగ్గినా కింద ఉప్పునీరు చాలా పైకి జరగడానికి చూస్తుంది. సంక్రాంతికి బాగున్న బోరు నీళ్ళు మే నెలకి నాలుక్కి ఉప్పగా తగిలేది ఇందుకే.

ఆర్ఓ నీళ్ళు చూసే టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది) ఇంట్లో ఉంటే బోరు నీళ్ళలో ఒకసారి ముంచండి. 1000 చూపిస్తే లీటరుకి ఒక గ్రాము లవణాలు ఉన్నట్టు. కుండీకి రోజూ 2 లీటర్లు పోస్తే 60 రోజుల్లో 120 గ్రాములు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. పైన ఎండిన మట్టి కింది తడిని లాగుతుంటే, ఆ తడితో పాటు ఉప్పూ పైకి చేరుతుంది. కుండీ అంచున, మడి గట్టు మీద తెల్లగా పేరుకుని, వేలితో రుద్దితే పొడిలా అంటుకునేది అదే. గులాబీ ఆకు దగ్గరగా చూడండి: ఈనెల చుట్టూ పచ్చగానే ఉంటుంది, అంచు మాత్రం గీత గీసినట్టు గోధుమరంగుకి మాడుతుంది. వేళ్ళ దగ్గర నీరు ఎంత ఉప్పగా ఉంటే దాన్ని లోపలికి తీసుకోవడం మొక్కకి అంత కష్టం. అందుకే మట్టి తడిగా ఉన్నా మొక్క వాడుతుంది. అది చూసి మనం మళ్ళీ నీళ్ళు పోస్తాం!

ఉల్లి, మిరప దీనికి తొందరగా దెబ్బతింటాయి. టమాటా కొంత నయం, కొబ్బరి బాగా ఓర్చుకుంటుంది.

కాబట్టి ఈ కార్తెలో మొదటి పని, ఆ తెల్లటి పెచ్చుని పైపైన గీకి తోటకి దూరంగా పారబోయడం. ఇది వానలకి ముందే జరగాలి. మృగశిర మొదట్లో పడే చిన్న జల్లుకి పైన పేరుకున్న ఉప్పంతా కరిగి నేరుగా వేళ్ళ మీదికి దిగుతుంది. దాన్ని ఇంకా కిందికి తోసేసే బలం ఆ జల్లుకి ఉండదు. తొలకరి పడ్డాక మొక్క చచ్చిపోయిందని బాధపడేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

రోజూ పైపైన చిలకరించడం మానేసి, రెండు మూడు రోజులకోసారి తెల్లవారుజామున లోతుగా తడపండి. ఇసుక నేలైనా, చిన్న కుండీ అయినా అంతకంటే ముందే చూసుకోవాలి. మొదళ్ళ చుట్టూ వరిగడ్డో కొబ్బరి ఆకులో పరిస్తే ఆవిరి తగ్గుతుంది, ఉప్పు పైకి రావడమూ తగ్గుతుంది. కొబ్బరి పొట్టు వాడేవాళ్ళు మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి వాడాలి, అందులోనే ఉప్పు ఉంటుంది. యూరియా, పొటాష్ ఇప్పుడు వద్దు, కరిగితే వేళ్ళ దగ్గరి నీరు ఇంకా చిక్కబడుతుంది. టమాటా పూత రాలుతోందని ఎరువు వేయడం కూడా దండగే. రాత్రిళ్ళు చల్లబడకపోతే పుప్పొడి పాడైపోతుంది, దానికి ఎరువేం చేస్తుంది?

గట్టి వాన పడ్డాక డాబా మీది నీళ్ళు పట్టి, కుండీ పరిమాణానికి రెట్టింపు నీళ్ళు నిదానంగా పోసి, అడుగు కన్నంలోంచి కారిపోనివ్వండి. కింద పళ్ళెం ఉంటే తీసేయాలి, లేకపోతే కారిన ఉప్పు మళ్ళీ పైకి ఎక్కుతుంది. ఖాళీ మడుల్లో తొలకరికే పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లితే ఉప్పునీ నీటి ముంపునీ తట్టుకుని పెరుగుతుంది. సుమారు 45 రోజులకి, పూతకొచ్చే వేళ మట్టిలో కలిపి దున్నేయొచ్చు. బంకమట్టి చౌడుబారి ఎండితే రాయిలా, తడిస్తే జిగురులా ఉంటే జిప్సం పనికొస్తుంది: అందులోని కాల్షియం మట్టికి పట్టిన సోడియాన్ని తప్పిస్తుంది. అలా విడిపోయిన సోడియం వాన నీటితో బయటికి పోవడానికి మడి పక్కన చిన్న కాలువ తీసి ఉంచాలి.